టంగుటూరి ప్రకాశం పంతులుగారు – న్యాయవాద విద్యకై ఆయన చేసిన ప్రయాణం



మన డయోసిస్ శతవార్షికోత్సవ సంచికకు ఒక మహనీయుని జీవితాన్ని గురించి వ్రాయమని సంపాదకవర్గం వారు నన్ను కోరారు. తొలి మిషనరీలను గురించి, తొలి గురువులను గురించి వ్రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. అందుచేత నేను టంగుటూరి ప్రకాశం పంతులుగారిని ఎంచుకొన్నాను. ఆయన మన సంఘస్థుడు కాడు, క్రైస్తవుడూ కాడు. అయినా ఆయననే ఎంచుకోవడానికి ఒక కారణమున్నది.

కిందటి వేసవిలో, సీతంపేటలో మా సంఘానికి చెందిన ఒక తల్లి తన కుమార్తెను వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చింది. ఆమెకు భర్త లేడు. సంతలో ఇడ్లీ, టీ అమ్ముకొని పిల్లలను చదివించుకొంటున్నది. అమ్మాయి ఇంటర్మీడియెట్ ముగించి, లా చదువుతానని పట్టుబట్టింది. తల్లి దిగులు రెండు విధాలు. ఒకటి, అంత చదువుకు డబ్బు ఎక్కడినుండి తెచ్చేదని. రెండవది, ప్లీడరు పని అంటే అబద్ధాలాడి బ్రతకడమే గదా అయ్యగారూ, దేవుని బిడ్డ ఆ పనిలోకి పోవచ్చునా అని. మన గూడేల పిల్లలు టీచరు ట్రైనింగుకు, నర్సింగుకు, పోలీసు ఉద్యోగాలకు పోతున్నారు గాని నల్లకోటు తొడిగేవారు బహు అరుదు. ఆ రోజున ఆ తల్లీబిడ్డల కొరకు ప్రార్థన చేసి పంపించాను గాని, ఆమెకు సరియైన జవాబు చెప్పలేకపోయాను. ఈ వ్యాసాన్ని ఆ జవాబుగానే వ్రాస్తున్నాను.

జననం – బాల్యం

ప్రకాశం పంతులుగారు 1872వ సంవత్సరం ఆగస్టు 23వ తేదీన ఒంగోలు ప్రాంతంలోని వినోదరాయునిపాలెం అనే పల్లెలో జన్మించారు. తండ్రి గోపాలకృష్ణయ్యగారు, తల్లి సుబ్బమ్మగారు. నియోగి బ్రాహ్మణ కుటుంబం. ఆ కాలంలో ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది.

ఆయనకు పదకొండేళ్ళు వచ్చేసరికి తండ్రి మరణించారు. చిన్న పిల్లలతో మిగిలిపోయిన సుబ్బమ్మగారు బంధువుల గడపలు పట్టుకొని తిరగలేదు. ఒంగోలు చేరి పూటకూళ్ళ ఇల్లు పెట్టారు. పనులమీద పట్నానికి వచ్చినవారికి పూటకింత అని తీసుకొని భోజనం పెట్టడం ఆ పని. నేడు హోటలు నడపడం గౌరవమైన వ్యాపారమే గాని, ఆనాడు ఆ కులంలో, ఆ ఊరిలో దానిని తక్కువ పనిగా చూసేవారు. అన్నం అమ్ముకొంటున్నదనే మాట పడుతూనే ఆ తల్లి కుమారుణ్ణి బడికి పంపించింది.

ఆ కుమారుడు మొదటినుండి బుద్ధిమంతుడైన విద్యార్థి అని చెప్పడానికి వీలులేదు. చురుకైనవాడే గాని అల్లరివాడు. నాటకాల పిచ్చి ఉండేది. మెట్రిక్యులేషన్ పరీక్షలో ఒకమారు తప్పారు కూడా. ఇది మన పిల్లలకు దాచకుండా చెప్పవలసిన సంగతి. పరీక్ష తప్పిన మరునాడే చదువు మానిపించి కూలికి పంపించే తలిదండ్రులు మన గూడేలలో నేటికీ ఉన్నారు.

అయితే ఎంత అల్లరిచేసినా, ప్లీడరు కావాలనే కోరిక మాత్రం చిన్ననాటినుండి ఆయనను విడిచిపెట్టలేదు.

మూడు రూపాయల ఫీజు

ఒకసారి పరీక్షకు మూడు రూపాయల ఫీజు కట్టవలసి వచ్చింది. ఇంట్లో లేదు. బావగారిని అడిగి తెచ్చుకొందామని ప్రకాశంగారు ఆయన వద్దకు వెళ్ళి, వట్టి చేతులతో తిరిగి వచ్చారు. కుమారుని ముఖం చూసిన సుబ్బమ్మగారు తన పట్టుబట్ట తాకట్టుపెట్టి ఆ మూడు రూపాయలూ తెచ్చి ఇచ్చారు. తరువాతి కాలంలో వేలకు వేలు ఫీజు పుచ్చుకొన్న బారిస్టరుకు, రెండు ప్రభుత్వాలకు అధిపతియైన నాయకునికి పునాది ఆ తాకట్టు వస్త్రమే.

తల్లి తరువాత చెప్పవలసిన పేరు ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారిది. ఆయన ఒంగోలు మిషను పాఠశాలలో ఉపాధ్యాయులు. ఈ కుర్రవానిలో అల్లరితోపాటు తెలివినీ చూసినవారు ఆయన. ఫీజు లేకుండా చదువు సాగే ఏర్పాటు చేశారు. తాను ఒంగోలు విడిచి రాజమండ్రికి మకాం మార్చినప్పుడు శిష్యుణ్ణి కూడా వెంట తీసుకొనిపోయి, అక్కడ ఎఫ్.ఏ. చదువులో చేర్పించారు. ఆ తరువాత న్యాయశాస్త్రం చదవడానికి మద్రాసుకు పంపించినవారు కూడా ఆయనే. మిషను బడులలో పనిచేసిన ఉపాధ్యాయుల సేవను మనం బాప్తిస్మాల లెక్కలతో కొలవడానికి అలవాటుపడ్డాం. ఒక విధవరాలి కుమారుణ్ణి చేయిపట్టి నడిపించిన ఈ సేవ ఏ రిజిస్టరులోనూ కనబడదు.

సెకండ్ గ్రేడు ప్లీడరు

ఆనాటి న్యాయవాద వృత్తి మెట్లు మెట్లుగా ఉండేది. అన్నిటికంటె పైన ఇంగ్లండులో చదివివచ్చిన బారిస్టర్లు. తరువాత హైకోర్టు వకీళ్ళు. కింద పరీక్ష పాసై జిల్లాలలోని కోర్టులలో పనిచేసే ప్లీడర్లు. వారిలోనూ గ్రేడులు. ప్రకాశంగారు సెకండ్ గ్రేడు ప్లీడరు అయ్యారు. కొద్దికాలం ఒంగోలులో పనిచేసి, 1894లో రాజమండ్రి చేరారు. అంతకుముందే, 1890లో, అక్క కుమార్తె హనుమాయమ్మగారితో ఆయన వివాహం జరిగింది.

రాజమండ్రిలో ఆయనకు పేరు, ధనం రెండూ వచ్చాయి. అక్కడి కక్షలు, ముఠాలు కూడా ఆయనను చుట్టుకొన్నాయి. ప్రత్యర్థులు ఎన్నో చిక్కులు పెట్టారు. అయినా ముప్పై ఏళ్ళు దాటిన కొద్దికాలానికే ఆ పట్టణ మునిసిపల్ ఛైర్మన్ అయ్యారు. పూటకూళ్ళ ఇంటి పిల్లవానికి అది చాలునని ఎవరైనా అనుకొంటారు. భార్య, సంపాదన, పదవి, ఊళ్ళో పలుకుబడి, అన్నీ ఉన్నాయి.

కాని ఒక లోటు ఉన్నది. సెకండ్ గ్రేడు ప్లీడరు పై కోర్టులో నిలబడి వాదించడానికి వీలులేదు. కింది కోర్టులో తాను రాత్రింబవళ్ళు శ్రమించి సిద్ధంచేసిన కేసు అప్పీలుకు పోతే, మద్రాసులో మరొకరి చేతికి అప్పగించి ప్రక్కన కూర్చోవలసిందే. అలా ఒక కేసు పనిమీద మద్రాసు వెళ్ళినప్పుడు ఆయన విషయాన్ని వివరించిన తీరు చూసి అక్కడి బారిస్టరు ఒకాయన ఆశ్చర్యపడి, నీవే బారిస్టరువు కావచ్చును గదా అని సలహా ఇచ్చారు. ఆ మాట ఆయన మనసులో నాటుకొన్నది.

సముద్రం దాటిన చదువు

1904లో ప్రకాశంగారు ఇంగ్లండు బయలుదేరారు. అప్పటికి ఆయన వయస్సు ముప్పైరెండు. జరుగుతున్న సంపాదనను ఆపుకొని, తనకంటె పదేళ్ళు చిన్నవారి ప్రక్కన కూర్చొని చదవడానికి వెళ్ళడం సామాన్యమైన నిర్ణయం కాదు. పైగా ఆ రోజుల్లో సముద్రం దాటితే కులభ్రష్టత్వమని పెద్దలు భయపడేవారు. సుబ్బమ్మగారు ఆచారపరురాలు. మద్యం, మాంసం ముట్టనని ఆయన తల్లికి మాట ఇచ్చి బయలుదేరారు. పొగత్రాగే అలవాటునూ మానుకొన్నారు.

ఆ మాట ఎంత బరువైనదో తెలియాలంటే లండనులో బారిస్టరు చదువు ఎలా జరిగేదో తెలియాలి. అక్కడ ఇన్ అని పిలిచే న్యాయవాదుల సంఘాలున్నాయి. విద్యార్థి వాటిలో ఒకదానిలో చేరి, పరీక్షలు వ్రాయడమే కాక, ప్రతి టర్ములోను లెక్క ప్రకారం కొన్నిమార్లు ఆ సంఘపు విందుశాలలో భోజనానికి హాజరు కావాలి. పెద్ద న్యాయవాదుల నడుమ కూర్చొని వారి మర్యాదలు, మాటతీరు నేర్చుకోవడం కూడా శిక్షణలో భాగమే. ఆ బల్లలమీద మాంసం, ద్రాక్షారసం మామూలు. తల్లి వేల మైళ్ళ దూరాన ఉన్నది, చూసేవారు లేరు. అంతకు పదమూడేళ్ళ క్రితం అదే లండనులో, అలాంటి మాటే తల్లికిచ్చి నిలుపుకొని, గాంధీగారు బారిస్టరు చదువు ముగించారు.

ప్రకాశంగారు చదువు ఒక్కటే చూసుకొని కూర్చోలేదు. భారతీయ విద్యార్థుల సభలలో పాల్గొన్నారు. దాదాభాయి నౌరోజీగారు బ్రిటిషు పార్లమెంటుకు మరల పోటీచేసినప్పుడు ఆయన పక్షాన పనిచేశారు. 1906 ఎన్నికలో నౌరోజీగారు ఓడిపోయినా, ఒక దేశపు కష్టాలను పరదేశపు సభలో వినిపించే విధం ఆయనవద్ద నేర్చుకొన్నారు. చివరకు యోగ్యతా పత్రంతో బారిస్టరు పట్టా పుచ్చుకొని 1907లో స్వదేశానికి వచ్చారు.

మద్రాసు హైకోర్టు

మద్రాసు హైకోర్టులో ఆనాడు పేరుపడ్డ న్యాయవాదులలో ఎక్కువమంది యూరోపియనులు లేదా తమిళులు. వారి నడుమ సివిలు, క్రిమినలు రెండు శాఖలలోను నిలదొక్కుకొని, ముందువరుసకు వచ్చిన తెలుగు బారిస్టరు ప్రకాశంగారు. లా టైమ్స్ అనే న్యాయశాస్త్ర పత్రికకు సంపాదకత్వం వహించారు. 1911లో తిరునల్వేలి కలెక్టరు ఆష్ హత్య జరిగి దేశమంతా గగ్గోలు పుట్టినప్పుడు, ఆ కేసులో ముద్దాయిల పక్షాన వాదించినవారిలో ఆయన ఉన్నారు. బిపిన్ చంద్రపాల్‌గారి ఉపన్యాస సభకు అధ్యక్షత వహించడానికి ఇతరులు జంకితే ఆయన వెళ్ళి కూర్చున్నారు.

ఇక్కడ ఆ తల్లి అడిగిన ప్రశ్న గుర్తుకు వస్తున్నది. హత్యకేసులో ముద్దాయి తరఫున నిలబడడం పాపం కాదా? ఆలోచించండి. నేరం చేసినవానికైనా, చేయలేదని మొరపెట్టుకొనేవానికైనా, తన పక్షాన ఒకడు నిలబడి మాట్లాడే హక్కు లేకపోతే, ఆ విచారణ విచారణే కాదు. అబద్ధాలాడే ప్లీడర్లు లేరని నేననను. అబద్ధాలాడే వర్తకులూ ఉన్నారు, గురువులూ ఉన్నారు. పని చెడ్డది కాదు. ఆ పనిలోకి మంచివారు పోకపోతే అది చెడ్డవారికే మిగిలిపోతుంది.

నల్లకోటు విప్పిన రోజు

1921లో ప్రకాశంగారు సత్యాగ్రహ ప్రమాణం చేసి, వృత్తిని విడిచిపెట్టారు. సముద్రం దాటి సంపాదించుకొన్న ఆ హక్కును పద్నాలుగేళ్ళకే వదులుకొన్నారన్నమాట. అదే ఏడాది స్వరాజ్య పత్రికను స్థాపించి, ఆర్జించినదంతా దానికే ధారపోశారు. 1928 ఫిబ్రవరిలో సైమన్ కమిషన్ బహిష్కరణ సందర్భంలో, తాను కేసులు వాదించిన హైకోర్టుకు దాపుననే, తుపాకులకు ఎదురుగా రొమ్ము చూపి నిలబడ్డారు. ఆంధ్రకేసరి అని ప్రజలు పిలుచుకొన్నారు.

వృత్తి విడిచినంత మాత్రాన ఆ చదువు వృథా పోలేదు. 1937లో రాజాజీగారి మంత్రివర్గంలో రెవెన్యూ మంత్రిగా ఉండి, జమీందారీ ప్రాంతాల రైతుల స్థితిని విచారించిన కమిటీకి అధ్యక్షులయ్యారు. భూమికి యజమాని రైతే, జమీందారు శిస్తు వసూలు చేసేవాడు మాత్రమే అని ఆ కమిటీ 1938లో తేల్చి చెప్పింది. పాత సన్నదులు, శాసనాలు, తీర్పులు చదివి తర్కించగలిగినవారికే అలాంటి పని సాధ్యం. పదేళ్ళ తరువాత, 1948లో, జమీందారీలను రద్దుచేసే చట్టం వచ్చింది. విజయనగరం, బొబ్బిలి, పర్లాకిమిడి జమీందారీలలో శిస్తు కట్టిన తాతల మనుమలం మనం. ఆ రిపోర్టు విలువ మనకు వేరే చెప్పనక్కరలేదు.

1946 ఏప్రిల్ నుండి 1947 మార్చి వరకు ఆయన మద్రాసు రాష్ట్ర ప్రధానిగా, 1953 అక్టోబరు 1న ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రిగా ఉన్నారు. ఆయన కాలంలోనే, 1954 జూలైలో, గుంటూరులో ఆంధ్ర హైకోర్టు ప్రారంభమైంది. తెలుగువారు అప్పీలుకొరకు మద్రాసు పోవలసిన అగత్యం అంతటితో తీరింది. అదే ఏడాది నవంబరులో ఒక్క ఓటు తేడాతో ఆయన ప్రభుత్వం పడిపోయింది. 1957 మే 20న హైదరాబాదులో కన్నుమూశారు. 1972లో ఒంగోలు జిల్లాకు ఆయన పేరు పెట్టారు.

లక్షలు ఆర్జించిన ఆ మనిషి చివరి రోజుల్లో చేతిలో ఏమీ లేని స్థితిలో గడిపారు. దీనిని త్యాగమని మనం మెచ్చుకొంటాం. నిజమే. కాని అటువంటి త్యాగం బరువును ఇంట్లోనివారు కూడా మోస్తారు. మన పిల్లలకు ఆయన ధైర్యాన్ని, శ్రమను ఆదర్శంగా చూపిద్దాం. డబ్బు విషయంలో మాత్రం కొంత ముందుచూపు కూడా నేర్పిద్దాం.

మన కొండలకు ఈ వృత్తి ఎందుకు?

మన ఏజెన్సీ ప్రాంతాలకు ప్రత్యేకమైన చట్టాలున్నాయి. 1917లోనే గిరిజనుల భూములు ఇతరుల చేతికి పోకుండా ఒక చట్టం చేశారు. తరువాత 1959లో ఒకటవ రెగ్యులేషన్, దానికి 1970లో సవరణ వచ్చాయి. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరుని చేతిలో ఉన్న భూమి గిరిజనునివద్దనుండి వచ్చినదేనని భావించి, కాదని రుజువుచేసే బాధ్యతను ఆ గిరిజనేతరునిమీదనే ఆ సవరణ పెట్టింది. 1997లో, అరకు దారిలోని బొర్రా ప్రాంతపు గనుల విషయంలో, సమత కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు దేశమంతటా పేరుపొందినది. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం షెడ్యూల్డు తెగలవారికి ఉచితంగా న్యాయవాదిని ఇవ్వాలి.

చట్టాలు ఇన్ని ఉన్నాయి. కాని సవర భాష మాత్రమే బాగా వచ్చిన ముసలి తండ్రి పట్టా కాగితం పట్టుకొని ఆఫీసుకు పోతే, ఆయన మాటను ఆయన మాటగా విని, చట్టం భాషలో వ్రాసిపెట్టేవారు ఎందరున్నారు? ఉచితంగా న్యాయవాది దొరికినా, మధ్య మరొకరు మాట మార్చి చెప్పవలసి వస్తే సగం సంగతి దారిలోనే పోతుంది. మన బిడ్డలే ఆ కోటు తొడిగితే ఆ మధ్యమనిషి అవసరముండదు.

నేటి దారి

ప్రకాశంగారి నాటి మెట్లు నేడు లేవు. 1961 నాటి అడ్వొకేట్ల చట్టం వకీలు, ప్లీడరు, బారిస్టరు అనే తేడాలను తొలగించి అందరినీ అడ్వొకేట్లుగా చేసింది. పాలకొండ కోర్టులో పనిచేసే అడ్వొకేటు కోరుకొంటే హైకోర్టులో కూడా వాదించవచ్చు. ఇంటర్మీడియెట్ తరువాత అయిదేళ్ళ కోర్సు, డిగ్రీ తరువాత అయితే మూడేళ్ళ కోర్సు. మన రాష్ట్రంలో లాసెట్ వ్రాసి చేరవచ్చు. చదువు ముగిశాక బార్ కౌన్సిలులో పేరు నమోదు చేయించుకొని, అఖిల భారత బార్ పరీక్ష పాసు కావాలి. షెడ్యూల్డు కులాల, తెగల వారినుండి నమోదు రుసుము 125 రూపాయలకు మించి తీసుకోరాదని 2024 జూలైలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. సుబ్బమ్మగారి మూడు రూపాయలు అప్పుడు నాకు జ్ఞాపకం వచ్చాయి.

అయితే అసలు కష్టం ఫీజు కట్టడంతో తీరదు. పట్టా వచ్చాక మొదటి నాలుగైదేళ్ళు సీనియరువద్ద ఫైళ్ళు మోస్తూ, వాయిదాలు వ్రాసుకొంటూ, దావాలు చిత్తుప్రతులు తయారుచేస్తూ గడపాలి. అప్పుడు వచ్చేది బస్సు ఛార్జీలకు కూడా చాలదు. బీదవారి పిల్లలు ఎక్కువగా జారిపోయేది ఆ సంవత్సరాలలోనే. ఇంగ్లీషు బాగా చదవాలి. తెలుగులో తప్పులేకుండా వ్రాయాలి. తమ గూడెం భాషను మరచిపోకూడదు.

ఆడపిల్లకు ఈ పని ఎందుకని అడిగేవారికి ఒక మాట. నాసిక్‌లో ఒక క్రైస్తవ మిషనరీ ఇంట 1866లో పుట్టిన కొర్నీలియా సొరాబ్జీగారు 1892లోనే ఆక్స్‌ఫర్డులో న్యాయశాస్త్ర పరీక్ష వ్రాశారు. స్త్రీ అయినందున అనేక ఏళ్ళు కోర్టు తలుపులు ఆమెకు మూసే ఉంచారు. 1921లో గాని అలహాబాదు హైకోర్టు ఆమెను చేర్చుకోలేదు. 1923లో చట్టం వచ్చి దేశంలోని స్త్రీలందరికీ ఆ తలుపు తెరచింది. వారు అంత కాలం నిలబడి తట్టిన తలుపు నేడు తెరచి ఉంటే, మన అమ్మాయిలు బయటనే నిలబడడం న్యాయమా?

సంఘం చేయవలసినది

పౌలు తీతుకు వ్రాసిన పత్రిక చివర జేనా అనే ధర్మశాస్త్రవేత్త పేరు వస్తుంది. అతనికి ఏమియు తక్కువ కాకుండా చూసి, శ్రద్ధగా సాగనంపమని పౌలు తీతును కోరుతున్నాడు. మనం ఆ మాటను చదివి దాటిపోతుంటాం. ప్రకాశంగారి జీవితం పక్కన పెట్టి చదివితే దాని అర్థం తేటపడుతుంది. సాగనంపేవారు ఉండబట్టే ఆయన సాగిపోయారు. తల్లి పట్టుబట్ట తాకట్టు పెట్టింది. ఉపాధ్యాయుడు తన ఇంటితోపాటు శిష్యుణ్ణి కూడా వేరే ఊరికి తీసుకుపోయాడు. పేరు తెలియని బారిస్టరు ఒక మంచి సలహా ఇచ్చాడు.

మా సీతంపేట సంఘంలోని ఆ తల్లికి నా జవాబు ఇది. అమ్మా, నీ బిడ్డ కోరుకొన్న పని పాపపు పని కాదు. ఇడ్లీల బడ్డీ ఆ చదువుకు అడ్డమూ కాదు, అవమానమూ కాదు. కాని ఆ బరువు నీవొక్కదానివే మోయవలసిన పని లేదు.

సంఘస్థులకు నా మనవి. ఈ శతవార్షికోత్సవాలకు గుడికి రంగులు వేయిస్తున్నాం, గోపురానికి దీపాలు పెట్టిస్తున్నాం. సంతోషమే. వాటితోపాటు ప్రతి పాస్టరేటు ఒక బిడ్డను ఎంచుకొని, లా చదువుకు, ఆ తరువాత సీనియరువద్ద గడపవలసిన ఆ కష్టపు సంవత్సరాలకు, నెలకింత అని పంపించగలదా? మన సంఘాలలో కోర్టు గుమస్తాలుగా, రెవెన్యూ ఉద్యోగులుగా, టీచర్లుగా పనిచేసి రిటైరయినవారున్నారు. వారు ఆ బిడ్డలకు దరఖాస్తు వ్రాయడం, ఇంగ్లీషు చదవడం నేర్పగలరా? మా సంఘంలో ఈ పని మొదలుపెట్టడానికి పెద్దలు ఒప్పుకొన్నారు. ఆ అమ్మాయి లాసెట్‌కు చదువుకొంటున్నది. ఆమె కొరకు ప్రార్థించండి.